లంకకి ఎప్పుడెళ్లాలి అంటే, ఏ ఒడ్డుకో ముందు చెప్పండి

మా అమ్మకి పద్దెనిమిది శక్తిపీఠాలూ చూడాలని కోరిక. శ్రీశైలం, అలంపురం, పిఠాపురం, ద్రాక్షారామం ఎప్పుడో అయిపోయాయి. కంచి, ఉజ్జయిని, కొల్హాపూర్, కాశీ, గయ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చింది. కానీ ఆ శ్లోకం మొదలయ్యేదే లంకతో, శాంకరీదేవితో. "మొదటిది వదిలేసి మిగతావి ఎన్ని చూస్తే ఏం లాభంలే" అని రోజూ పూజయ్యాక నాకు వినపడేట్టు గోడతో చెప్పేది.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. శ్రీలంకకి ఎప్పుడెళ్తే బాగుంటుందని ఎక్కడ వెతికినా ఒకటే మాట: డిసెంబరు నుంచి మార్చి దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు కొత్త కాయ దిగుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో రోజుకి లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటిన రోజులుంటాయి. ఆ ఘాటులో ఊపిరి తీసుకోవాలన్నా ముందు రెండు తుమ్ములు తుమ్మాలి. అప్పుడు వారం సెలవు కావాలని మా ఓనరు గారిని అడిగితే, వారమేం ఖర్మ, ఏకంగా పర్మినెంటు సెలవే ఇచ్చేస్తారు. మాకు దొరికేది మే రెండో వారం నుంచి దాదాపు నెల రోజులు, యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు. పిల్లల బడులు కూడా జూన్ 12 దాకా తెరవరు. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా ఆ నెలే.

అసలు నేను ఒకసారి వెళ్లొచ్చాను కూడా. 2018 జూన్‌లో, యార్డు స్నేహితులం నలుగురం. ఒక ట్రావెల్స్ ఆయన "ఆఫ్ సీజన్ సార్, సగం రేటుకే స్టార్ హోటల్" అన్నాడు. సగం రేటు అనగానే ఇక మాకు వేరే మాటలు వినపడలేదు. బెంటోట, హిక్కడువ, మిరిస్స, అన్నీ దక్షిణపు, పడమటి ఒడ్డు ఊళ్లే. హోటల్ నిజంగానే బాగుంది. ఎందుకు బాగుందంటే, మేం నలుగురం తప్ప ఎవరూ లేరు. సముద్రం దగ్గరికెళ్తే ఎర్రజెండా. మర్నాడూ ఎర్రజెండానే. తిమింగలాలు చూపిస్తామన్న మిరిస్స పడవలు కట్టేసి ఉన్నాయి, సీజను నవంబరు నుంచి ఏప్రిల్ దాకానేనట. ఉతికిన బనీను నాలుగు రోజులైనా ఆరలేదు. నా తోలు బెల్టుకి తెల్లగా బూజు పట్టింది. కిటికీలోంచి వాన చూస్తూ పేకాడి వచ్చాం. ఆ పేకాట ఏదో మన సూర్యలంక కాటేజీలో ఆడుకున్నా సరిపోయేది.

అందుకని అమ్మ శాంకరీదేవి పేరెత్తినప్పుడల్లా "ఆ నెలలో అక్కడ వానలమ్మా" అని దాటేస్తూ వచ్చాను. ఏడేళ్లు దాటేశాను. తప్పు నాదే, దేశం మొత్తానికి ఒకటే వానాకాలం అనుకున్నాను.

కళ్లు తెరిపించింది మా కొట్టుకి వచ్చే చెన్నై ఎగుమతి వ్యాపారి ఒకాయన. మన సన్నం రకం మిర్చి కొలంబో పంపుతుంటాడు. ఓరోజు కాయ చూస్తూ మాటల మధ్యలో అన్నాడు, "కొలంబో వాన వేరే సార్, ట్రింకో వాన వేరే. మీ కేరళా, నెల్లూరూ లెక్క." ట్రింకో అంటే తూర్పు ఒడ్డున ఉన్న ట్రింకోమలీ. అంతే. మ్యాపులు, చార్టులు ఎన్ని చూసినా ఎక్కనిది ఆ ఒక్క మాటకి బుర్రకెక్కింది. జూన్‌లో కేరళ మునిగిపోతుంటే నెల్లూరులో ఎండ మాడ్చేస్తుంది. కార్తీకంలో నెల్లూరు, చెన్నై మునుగుతుంటాయి. శ్రీలంకలో ఆ రెండూ ఒకే దీవిలో ఉన్నాయి, ఆరేడు గంటల ప్రయాణం దూరంలో.

మే నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలి మొదట కొలంబో, గాలె వైపు తగులుతుంది. మధ్యలో కొండలు అడ్డం. నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున ఉంటుంది, చుట్టూ అంతకన్నా పెద్ద కొండలున్నాయి. ఆ గాలి కొండెక్కేలోపు తన నీళ్లన్నీ పడమటి వైపే దిమ్మరించేసి, తూర్పు వైపు ఉత్త చేతులతో, వేడిగా దిగుతుంది. అక్కడి తమిళులు ఆ గాలిని కచ్చాన్ అంటారు. మన వడగాలికి చిన్న తమ్ముడనుకోండి. ట్రింకోమలీ వైపు అసలు వాన అక్టోబరు నుంచి జనవరి దాకా, ఈశాన్యపు గాలితో. శాంకరీదేవి ఉన్నది ట్రింకోమలీలోనే! అంటే మా యార్డు సెలవులూ అమ్మవారి ఊరి ఎండాకాలం ఒకటే. ఇది తెలుసుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది.

అమ్మకి చెప్పాను. "నేను అప్పుడే అన్నాగా, అమ్మ పిలవాలని" అంది. చెన్నై వ్యాపారికి క్రెడిట్ ఏమీ దక్కలేదు.

మా అక్కని ఒప్పించడం అసలు పని. అక్కా వాళ్లది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మూడు రోజులు మేడ మీద ఉండి, పాలప్యాకెట్ల కోసం తాడుకి బకెట్ కట్టి దించిన మనిషి. ఇప్పటికీ మబ్బు పడితే ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటుంది. "మే నెల, శ్రీలంక" అనగానే 2016, 2017 సంగతులు తీసింది. రెండేళ్లూ మే నెలలోనే అక్కడ వరదలొచ్చి కొండచరియలు విరిగిపడి చాలామంది పోయారు. 2016లో వచ్చిన రోవాను తుఫాను ఆ తర్వాత మన ఒడ్డు వెంబడే పైకి పోయింది కూడా. నేను కాదనలేదు. ఆ నష్టమంతా ఎక్కువగా పడమర, దక్షిణం, కొండ ప్రాంతాల్లో జరిగిందని మ్యాపు మీద వేలు పెట్టి చూపించాను. "కొండ వైపు వెళ్లం, పడమటి ఒడ్డున ఉండం, దిగగానే తూర్పుకి పోతాం" అని మాటిచ్చాక సరేనంది. నువర ఎలియ టీ తోటలు అలా పోయాయి. మా ఆవిడ ఇంకా అంటూనే ఉంది.

2025 మే 17, శనివారం. చెన్నై దాకా రైలు, అక్కడినుంచి గంటన్నర కూడా పట్టని విమానం. దిగేసరికి సన్నగా తుంపర. ఆ సోమవారమే వెసాక్ పౌర్ణమి అయింది. బౌద్ధులకి అది చాలా పెద్ద పండగ. కురునేగల దాకా దారి పొడవునా ఇళ్లకి కాయితం లాంతర్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. వానకి తడిసి, ఎరుపు రంగు తెల్లకాయితం మీదకి దిగి, వెదురుపుల్లలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. "పండగ వానలో పెట్టుకున్నారేంటి పాపం" అంది అక్క. (ప్రతి పౌర్ణమికీ అక్కడ సెలవు. మందు దొరకదు, మాంసం కొట్లు మూసేస్తారు. ట్రిప్పుకి తేదీలు పెట్టుకునే మగవాళ్లు క్యాలెండర్ ముందే చూసుకోండి, తర్వాత నన్ననొద్దు.)

దంబుల్ల దగ్గరికొచ్చేసరికి డ్రైవరు వైపర్ ఆపేశాడు. అప్పుడు గమనించాను, మట్టి ఎర్రబడింది, చెట్లు పొట్టివయ్యాయి, రోడ్డు పక్కన చెరువులు మొదలయ్యాయి. పల్నాడులోకి వచ్చినట్టుంది. దాన్ని వాళ్లు ఎండు మండలం అంటారు, అంటే ఏడాదికి 1,750 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటు. మన గుంటూరులో పడేది అందులో ఇంచుమించు సగం. మనల్ని ఏ మండలం అనాలో మరి. మిన్నేరియ దగ్గర ఏనుగులు వందల్లో చేరేది ఆగస్టు, సెప్టెంబరుల్లో, చెరువు ఇంకి గడ్డి మొలిచాక. మాకు ఒక్కటి కూడా కనపడలేదు. ఏ సీజన్‌లో వెళ్లినా ఏదో ఒకటి పోతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

ట్రింకోమలీలో పొద్దున ఆరింటికే కోటలోకి వెళ్లాం. ఫ్రెడరిక్ కోట, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వాడుకున్నది. లోపల జింకలు మన ఊళ్లో ఆవుల్లా రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. కొండ చివర, సముద్రం మీదకి ఒరిగిన బండ మీద కోనేశ్వరం, శివుడి గుడి. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడగొట్టారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది. శాంకరీదేవి గుడి పక్కనే చిన్నది. అమ్మ పెద్దగా ఏమీ చేయలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడింది. వెనక్కి వస్తుంటే రావణుడి విగ్రహం కనపడింది, చేతులు జోడించి శివుణ్ణి కొలుస్తూ. "ఈయనకీ దండం పెట్టాలా?" అని నెమ్మదిగా అడిగింది. "ఆయన ఊరొచ్చాంగా" అన్నాను. ఆలోచించి ఒక చెయ్యి పైకెత్తింది. ఒక్కటే.

మధ్యాహ్నం కచ్చాన్ తెలిసింది. ముప్పై అయిదు డిగ్రీలు ఉంటుందేమో. మన 44 ముందు అదెంత, కానీ గాలి ఆగదు. నిలావెలిలో సముద్రం మాత్రం చెరువులా ఉంది. గాలి గట్టు మీంచి నీళ్లలోకి వీస్తుంది కదా, ఒడ్డున అల లేవదు. మా ఆవిడ మోకాళ్ల లోతు దాకా వెళ్లి చీర కుచ్చెళ్లు పట్టుకుని గంట నిలబడింది. కన్నియ వేడినీటి బావులు ఏడు, ఒక్కోదానికి ఒక్కో వేడి. అక్క ఏడింట్లోనూ వేలు పెట్టి చూసి, ఆ ఎండలో వేడినీళ్లు పోసుకునేవాళ్లకి దండం పెట్టింది. నాలుగు రోజుల్లో ఒక్క చినుకు లేదు.

యార్డులో అందరూ అడుగుతున్నారు కాబట్టి మిగతావి కూడా చెప్తాను. మార్చిలో రెండు ఒడ్లూ బాగుంటాయంటారు, మనకి కుదరదు. ఏప్రిల్ 13, 14 వాళ్ల కొత్త సంవత్సరం, ఎక్కడి కొట్లు అక్కడ మూత. అక్టోబరు, నవంబరు మాత్రం వద్దనే అంటాను. అప్పుడు ఎటు వెళ్లినా ఉరుములే, పైగా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. మేం వచ్చిన ఆరు నెలలకే, నవంబరు చివర్లో దిత్వా తుఫాను ఆ దేశాన్ని అతలాకుతలం చేసి వందల మందిని పొట్టన పెట్టుకుంది. టీవీలో చూస్తూ అక్క నాకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా అలాగే ఉంది. థాయిలాండ్‌దీ రెండు ఒడ్ల లెక్కే, ఫుకెట్‌లో వానలుంటే సముయ్‌లో తక్కువ, సముయ్‌కి దెబ్బ అక్టోబరు నుంచి. బాలి భూమధ్యరేఖకి అవతల, మే నుంచి సెప్టెంబరు వాళ్లకి పొడి కాలం. యార్డు వాళ్లకి నిజానికి అదే బాగా కుదురుతుంది. కానీ బాలిలో శక్తిపీఠం లేదు.

తిరుగు విమానం ముందు కొలంబోలో సగం రోజు దొరికింది. వాన. పెట్టా బజారులో గొడుగుల కింద నడుస్తుంటే ముక్కుకి తెలిసిన ఘాటు. కొట్టు ముందు గోతాలు నోరు తెరిచి ఉన్నాయి. చెయ్యి ఆగుతుందా? ఒక కాయ తీశాను.

ట్రింకోమలీ బజారులోనూ ఇలాగే ఒకటి తీశాను. అక్కడ చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమంది, తొడిమ దగ్గర నొక్కితే ఫట్‌మని విరిగింది. ఇక్కడ ఆడిస్తే చప్పుడు లేదు. రెండు వేళ్ల మధ్య వంచాను. రబ్బరులా వంగి, వదిలితే మళ్లీ తిన్నగా అయింది. యార్డులో ఇలాంటి లాట్ వస్తే క్వింటాకి ఎంత కోస్తారో తల తనంతట తనే లెక్కేసేసింది. కొట్టాయన కొంటాననుకుని కాటా దగ్గరికి లాక్కున్నాడు.

అమ్మ గొడుగు నా నెత్తి మీదకి జరిపి తొంగి చూసింది.

"మన కాయేనంట్రా?"

"మనదే అమ్మా, సన్నం. తేమ పట్టింది."