రెండు చీపురు పుల్లలు, నాన్న రాజ్‌దూత్ 350

2024 సెప్టెంబర్ 1 ఆదివారం అంటే చాలు, విజయవాడ సింగ్ నగర్ వాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. బుడమేరు వాగు నీళ్ళు వచ్చేశాయి, మేం మేడ ఎక్కాం, కింద వరండాలో నాన్న రాజ్‌దూత్ 350 సీటు దాకా మునిగిపోయింది, నాలుగు రోజులు అలాగే ఉంది. నాన్న 1992లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు సిలిండర్ల మోటార్ సైకిల్ అది. నీళ్ళు తీశాక నాన్న ఏం మాట్లాడలేదు, ట్యాంకు మీద ఒండ్రు చేత్తో తుడిచి లోపలికెళ్ళిపోయారు. అప్పుడే అనుకున్నా ఈ బండి మళ్ళీ తిరగాల్సిందే అని.

ఇంజన్ పని ఆటోనగర్‌లో ఒక పెద్దాయన చేశారు. క్రాంక్ బేరింగులు, ఆయిల్ సీళ్ళు అన్నీ మార్చారు, బాగా చేశారు. పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్లే తేడా, సిలిండర్‌కి ఒకటి చొప్పున రెండుంటాయి. అవి అంతకుముందు వేరే షాపులో శుభ్రం చేయించాం. స్టార్ట్ అవుతుంది కానీ యాక్సిలరేటర్ వదిలేస్తే స్లోలో నిలబడదు, హ్యాండిల్ వణికిపోతుంది. ఒకరోజు స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచి రెండు సైలెన్సర్ పైపుల మీద చెరో నీటి చుక్క వేశా. ఎడమ పైపు మీద చుయ్‌మని ఆవిరైపోయింది, కుడి పైపు మీద మాత్రం మెల్లగా జారుకుంటూ కిందకి పోయింది. అంటే కుడి సిలిండర్ స్లోలో పని చేయట్లేదు, 347 సీసీలో సగం ఊరికే మోసుకెళ్తున్నాం అన్నమాట.

ఇంక ఎవరికీ ఇవ్వకుండా నేనే దించా. ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసుకున్నా, ఏ పైపు ఎటు పోతుందో, క్లిప్పు స్క్రూ ఎటు తిరిగి ఉందో. ట్యాంకు ఖాళీ చేసి దించి, గాలి ఫిల్టర్ బాక్స్ వదులు చేసి, ముందూ వెనకా క్లిప్పులు లూజు చేస్తే కార్బరేటర్ కొంచెం మెలిపెడుతూ లాగితే వచ్చేస్తుంది. పై మూత తిప్పితే స్లైడూ (యాక్సిలరేటర్ తిప్పితే లేచి గాలి దారి తెరిచే ముక్క) దాని కింద సూదిలా ఉండే నీడిలూ కేబుల్‌తో పాటే బయటికొస్తాయి, వాటిని అలా వేలాడనివ్వకుండా గుడ్డలో చుట్టి కట్టా, నీడిల్ వంగితే మళ్ళీ దొరకడం కష్టం. ఎడమవి ఒక స్టీలు గిన్నెలో, కుడివి ఇంకో గిన్నెలో. ఇది మాత్రం ఎవరికైనా బతిమాలి చెప్తా, రెండు కార్బరేటర్ల సామాను ఎప్పుడూ కలపకండి, ఏళ్ళ తరబడి ఏ స్లైడు ఆ బాడీలోనే అరిగి ఉంటుంది.

కింద పెట్రోల్ నిలిచే కప్పు విప్పితే ఎడమది పర్లేదు. కుడి దాంట్లో అడుగున బూడిద రంగు మట్టి, అంత మెత్తటిది వేళ్ళ మధ్య పెట్టి రుద్దితే పౌడర్‌లా ఉంది. గోడల మీద తెల్లటి పొడి. పైలట్ జెట్ (స్లోలో పెట్రోల్ కొలిచి వదిలే సన్నటి చిల్లున్న ముక్క) తీసి లైటు వైపు పెట్టి చూస్తే చిల్లు గుండ్రంగా లేదు, ఒక పక్కకి గీరుకుపోయి ఉంది. తీగ పెట్టి పొడిచారు! జెట్ అంటే చిల్లు సైజే కదా, అది పెద్దదైతే ఇంక ఆ జెట్ ఎందుకు పనికొస్తుంది. కొత్త జెట్లు రెండు వైపులకీ కొన్నా. క్లీనర్ స్ప్రే కొట్టి ఒక పూట నాననిచ్చి, మా సందు చివర పంక్చర్ షాపులో గాలి పైపు అడిగి ప్రతి దారిలోనూ గాలి కొట్టించా, ఒక చిల్లులో కొడితే ఇంకో చిల్లులోంచి గాలి రావాలి, వచ్చేదాకా వదల్లేదు.

ఆటోనగర్‌లో స్పేర్ల షాపాయన మంచి మాట చెప్పారు. "తమ్ముడూ, జెట్లు సరే, ముందు రబ్బర్లు చూసుకున్నావా, వాటికి పగుళ్ళుంటే నువ్వెంత ట్యూనింగ్ చేసినా దండగే." ఇంటికొచ్చి కార్బరేటర్‌ని ఇంజన్‌కి కలిపే రబ్బర్లు వంచి చూస్తే కుడిదానికి లోపలి అంచులో సన్నటి పగులు. అసలు జబ్బు ఇదే. టూ స్ట్రోక్ ఇంజన్‌కి ఫిల్టర్ దాటాక పగులులోంచి దొంగగాలి వెళ్తే పెట్రోల్ వాటా తగ్గిపోతుంది, పిస్టన్ వేడెక్కుతుంది, మన బెజవాడ మే నెలలో అలా తోలితే ఇంజన్ పట్టేస్తుంది. రెండూ కొత్తవి తెచ్చా. గట్టిగా ఉండి ఎక్కకపోతే వేడి నీళ్ళలో ఐదు నిమిషాలు వేయండి, మెత్తబడి చక్కగా కూర్చుంటాయి. నూనె రాయొద్దు, తర్వాత జారిపోతాయి.

దించడం గంట పని, బిగించడం నాకు రెండు ఆదివారాలు పట్టింది. స్లైడు లోపలికి వేసేటప్పుడు వంపుగా కోసి ఉన్న వైపు ఫిల్టర్ వైపు ఉండాలి, బాడీలో చిన్న పిన్ను స్లైడు గాడిలో పడాలి. బలవంతంగా మూత బిగించొద్దు. మూత పెట్టాక యాక్సిలరేటర్ తిప్పి వదిలితే టక్‌మని కిందకి పడాలి, పడలేదంటే స్టార్ట్ చేయకండి, రేజ్ ఆగదు.

ఇక అసలు పని, రెండు స్లైడ్లూ ఒకేసారి లేవడం. ఫిల్టర్ బాక్స్ పెట్టకముందే కొబ్బరి చీపురులోంచి ఒకే మందం ఉన్న రెండు పొడవాటి పుల్లలు ఏరుకుని చెరో కార్బరేటర్‌లో స్లైడు కింద నొక్కుకునేలా పెట్టా, చివరలు జానెడు బయటికి ఉండేలా. తర్వాత యాక్సిలరేటర్ వెంట్రుకవాసి తిప్పితే ఎడమ పుల్ల ముందు పడిపోయింది, కుడిది ఇంకా అలాగే ఉంది. కుడి కేబుల్ అడ్జస్టర్ కొద్దిగా పైకి, మళ్ళీ పుల్లలు పెట్టు, మళ్ళీ తిప్పు. ఎన్నిసార్లో లెక్కలేదు. అమ్మ టీ తెచ్చి ఇచ్చి చూస్తూ నిలబడింది. చివరికి రెండు పుల్లలూ ఒకేసారి వాలాయి, మళ్ళీ చేసినా ఒకేసారి వాలాయి, నాకైతే ఆ క్షణం నోటి మాట రాలేదు.

అక్కడితో ఆపేయకూడదు. ఈ బండికి ఒకే కేబుల్ మూడుగా చీలుతుంది, రెండు కార్బరేటర్లకి, మూడోది ఇంజన్‌లోకి ఆయిల్ పంపే ఆయిల్ పంపుకి. కార్బరేటర్ల కేబుల్ కదిపామంటే పంపు మీద ఉండే గుర్తు కూడా సరిచూడాలి, లేకపోతే ఆయిల్ తక్కువ పడొచ్చు. చాలామంది పంపు పీకేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపేస్తారు, నాన్న మాత్రం మొదట్నుంచీ ఉంచారు, నేనూ ఉంచుతా. స్లోలో గాలి ఎంత కలవాలో సర్దే ఎయిర్ స్క్రూలు మెల్లగా పూర్తిగా లోపలికి తిప్పి ఒకటిన్నర రౌండు బయటికి వదిలా.

నాలుగో కిక్కుకి అందుకుంది. పాయకాపురం మీదుగా నున్న మామిడి మార్కెట్ దాకా వెళ్ళొచ్చి ప్లగ్గులు విప్పితే ఎడమది టీ డికాషన్ రంగు, కుడిది ఇంకా కొంచెం పాలిపోయినట్టుంది, అంటే అటు పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. కుడి ఎయిర్ స్క్రూ పావు రౌండు లోపలికి. మళ్ళీ నున్న. ఈసారి రెండూ ఒకే రంగు. ఇంజన్ చల్లారాక కొత్త రబ్బర్ల క్లిప్పులు ఇంకో చుట్టు బిగించా, వేడికి అవి కొంచెం సర్దుకుంటాయి. నాన్న బయటికొచ్చి రెండు సైలెన్సర్ల దగ్గరా చెయ్యి అడ్డం పెట్టి పొగ ఒత్తిడి చూశారు, కుడి, ఎడమ, మళ్ళీ కుడి. "రేపు నేను తీసుకెళ్తా రా" అన్నారు.