హద్దు అనుకుని నరికించాను

పోయిన నెల ఇంటి వెనకాల పొదలు బాగా పెరిగిపోయాయని ఒక మనిషిని పిలిచి, అదిగో ఆ ఇనుప రాట దాకా కొట్టెయ్యమని చెప్పి నేను లోపలికి వచ్చేశాను. ఆ తుప్పు పట్టిన రాటే హద్దని ఇల్లు కొన్నప్పటి నుంచీ మా నమ్మకం. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు.

గంట తర్వాత పక్కింటి పెద్దాయన వచ్చి "ఏవండీ, ఒకసారి ఇలా వస్తారా" అన్నారు. వెళ్ళి చూస్తే ఆయన చెప్పు కొనతో ఆకులు పక్కకు జరిపిన చోట, సగం మట్టిలో కూరుకుపోయిన హద్దు రాయి! రాటకు మూడడుగులు ఇవతల. ఆ మూడడుగుల్లో ఆయన నాటుకున్న ఏడు మొక్కలు మొదలంటా తెగి పడున్నాయి, తెగిన చోట తడి కూడా ఆరలేదు.

"అయ్యో, తెలియక జరిగిందండీ" అన్నాను.

"తెలియకేలెండి. కానీ పోయినవి నావే కదా" అన్నారు. తిట్టినా బాగుండేది.

రాత్రి నిద్ర పట్టక, చట్టంలో నాకేమైనా సందు దొరుకుతుందేమోనని చదవడం మొదలుపెట్టాను. దొరకలేదు సరికదా, సరిగ్గా నాలాంటివాడే 1681లో ఇంగ్లండ్‌లో కోర్టుకెక్కి ఓడిపోయాడని తెలిసింది. క్లార్క్‌సన్ అనే ఆయన తన పొలంలో గడ్డి కోస్తూ, పొరపాటున పక్కనున్న బేస్లీ గడ్డి కూడా కోసి పట్టుకెళ్ళిపోయాడు. తెలియదన్నాడు, రెండు షిల్లింగులు కూడా ఇవ్వబోయాడు. కోర్టు ఒప్పుకోలేదు. కోసింది నీ ఇష్టంతోనే, నీ మనసులో ఏమనుకున్నావో ఎవరికి తెలుసు అన్నట్టుగా తీర్పు చెప్పింది. అంటే అడిగేది "అది పక్కవాడిదని నీకు తెలుసా?" అని కాదు, "అక్కడికి నీ అంతట నువ్వే వెళ్ళావా?" అని. నా "తెలియక" అనేది అసలు ఎవరూ అడగని ప్రశ్నకు జవాబన్నమాట.

అదే ఎవరో బలవంతంగా ఎత్తుకెళ్ళి పక్కవాడి స్థలంలో పడేస్తే తప్పు పడినవాడిది కాదు, పడేసినవాళ్ళది. ఇదీ పాతదే, 1647 నాటి తీర్పు. ఈ రెండింటి మధ్య కారు అదుపు తప్పి పక్క స్థలంలోకి దూసుకెళ్ళడం లాంటివి ఉంటాయి, అక్కడ మాత్రం నిర్లక్ష్యం ఉందా లేదా అని చూస్తారు.

పనివాడి మీదకు నెట్టేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది, దాచడం దేనికి. కుదరదు. చేతులు అతనివైనా, రాట చూపించి అక్కడిదాకా కొట్టమన్నది నేను.

అయితే తెలియకపోవడానికి విలువే లేదా అంటే, ఉంది. క్రిమినల్ కేసు సంగతి పూర్తిగా వేరు. మన భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉంటేనే అది నేరం. కాబట్టి జైలు టెన్షన్ లేదు. కట్టాల్సిన డబ్బు దగ్గర కూడా నిజాయితీ కొంత పనికొస్తుంది. స్కాట్లాండ్‌లో ఒక బొగ్గు కంపెనీ తనదేననుకుని వేరొకరి చిన్న స్థలం కింద బొగ్గు తవ్వేసింది. 1880లో తీర్పొచ్చింది. తెలిసి చేసిన దొంగతనం కాదు కాబట్టి, ఆ బొగ్గు తవ్వుకోనిచ్చినందుకు మామూలుగా ఎంత రాయల్టీ వచ్చేదో అంతే ఇమ్మన్నారు. తెలిసే తవ్వుంటే లెక్క ఇంకా గట్టిగా ఉండేది. మరోవైపు, నష్టమేమీ జరక్కపోయినా కావాలని అడుగు పెట్టినందుకే నామమాత్రంగానైనా పరిహారం వేయొచ్చు, అది నాకు కాస్త అతిగా అనిపించింది గానీ, నా స్థలంలోకే ఎవరైనా రోజూ నడిచొస్తే అలా అనిపించదేమో.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మొక్కల ఖరీదు ఇస్తానన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "మొక్కలు నేను నాటుకుంటాలెండి, ముందు ఆ రాట పీకించండి" అన్నారు. పనివాడిని పిలవలేదు. నేనే గునపం పట్టుకుంటే ఆయన రాటను అటూ ఇటూ ఊపారు, పైకి రావడానికి అరగంట పట్టింది.