డిల్‌కి ఏడుపెందుకొచ్చింది

ఆదివారం

మధ్యాహ్నం గోరుచిక్కుళ్లు ఒలుస్తూ కూర్చుంటే మా అమ్మాయి పుస్తకం పట్టుకొచ్చి, “అమ్మా, స్కౌట్ అంత మాట ఎలా అనగలిగింది?” అంది. సెలవుల్లో దానిచేత ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదివిస్తున్నాను. 1960లో వచ్చిన హార్పర్ లీ నవల. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని ఓ ఊళ్లో, లాయరు అటికస్ పిల్లలు జెమ్, స్కౌట్‌ల కథ. కథ చెప్పేది చిన్నపిల్ల స్కౌటే. మా అమ్మాయి ఆగిపోయిన చోట నేనూ ఎప్పుడూ ఆగిపోతాను.

కోర్టు ఘట్టం. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ, మేయెల్లా అనే తెల్లపిల్లని చెరిచాడని కేసు. ఆమెకి దెబ్బలు తగిలింది ముఖానికి కుడివైపు. టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తిమిల్లు మెషీన్లో పడి చచ్చుబడిపోయింది. మేయెల్లా తండ్రిదేమో ఎడమచేతి వాటం. అసలు సంగతి పసిపిల్లలకు కూడా తెలుస్తోంది. అప్పుడు ప్రాసిక్యూటర్ గిల్మర్ లేచి, డబ్బులు తీసుకోకుండా ఆ పిల్లకి ఎందుకు పనులు చేసిపెట్టావని టామ్‌ని గుచ్చిగుచ్చి అడుగుతాడు. ఆమెని చూస్తే జాలేసింది అంటాడు టామ్. అంతే, కోర్టు హాలంతా బిగుసుకుపోతుంది. నల్లవాడు తెల్లదాన్ని చూసి జాలిపడటమా! అక్కడ అన్ని అబద్ధాలూ చెల్లాయి, ఈ ఒక్క నిజం చెల్లలేదు.

అప్పుడే స్కౌట్, జెమ్‌ల స్నేహితుడు డిల్ వెక్కివెక్కి ఏడుస్తాడు. స్కౌట్ వాణ్ణి బయటికి తీసుకెళ్తుంది. గిల్మర్ టామ్‌తో అంత ఈసడింపుగా మాట్లాడుతుంటే చూడలేకపోయానంటాడు డిల్. దానికి స్కౌట్, ఎంతైనా అతను నీగ్రోనే కదా అనేస్తుంది. టామ్ తరఫున వాదిస్తున్న అటికస్ కూతురు!

మా అమ్మాయికి కోపం వచ్చింది. నాకు మాత్రం రచయిత్రి మీద గౌరవం పెరిగేది ఇక్కడే. అటికస్ లాంటి తండ్రి పెంచుతున్నా, ఊరు మాట్లాడే మాటే పిల్ల నోటికీ వచ్చింది. అన్యాయం గిల్మర్ దగ్గరో, జ్యూరీ దగ్గరో మాత్రమే ఉందని చూపిస్తే ఎంత సుఖంగా చదువుకునేవాళ్లం!

“ఇలాంటివి నిజంగా జరిగాయా?” అని అడిగింది. స్కాట్స్‌బరో కేసు గురించి చెప్పాను. అదీ అలబామాలోనే, 1931లో. రైల్లో వెళ్తున్న తొమ్మిదిమంది నల్లకుర్రాళ్ల మీద ఇద్దరు తెల్ల అమ్మాయిలు పెట్టిన తప్పుడు కేసు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీలు ఎనిమిదిమందికి మరణశిక్ష వేశాయి. నల్లవాళ్లని జ్యూరీల్లోకి రానివ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమని 1935లో ఈ కేసులోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఆ ఎనిమిదిమంది మరణశిక్ష తప్పించుకున్నారు గానీ జైల్లో ఏళ్లకేళ్లు పోయాయి. మా అమ్మాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ముందుకెళ్తే ఇంకో ఘట్టం ఉంది, పాటలు పాడే మాకింగ్‌బర్డ్ పిట్టని చంపడం పాపమని ఇందులో వచ్చే పేరున్న మాటకన్నా నాకు ఇదే ఇష్టం. బడిలో మిస్ గేట్స్ హిట్లర్ గురించి చెబుతూ బోర్డు మీద ‘ప్రజాస్వామ్యం’ అని రాస్తుంది. ఈ దేశంలో మనం ఎవర్నీ హింసించం అంటుంది. ఆ టీచరే, టామ్ కేసు నడిచిన రాత్రి కోర్టు మెట్లు దిగుతూ, నల్లవాళ్లకి ఎవరో ఒకరు బుద్ధి చెప్పాల్సిందేనని అనడం స్కౌట్ చెవిన పడింది. హిట్లర్ని అంతగా అసహ్యించుకునే మనిషి సొంత ఊరివాళ్ల గురించి ఇలా ఎలా మాట్లాడుతుందని అన్నని అడుగుతుంది. జెమ్ చెల్లెలి కాలరు పట్టుకుని ఊపేసి, ఆ కోర్టు మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు అని అరుస్తాడు. జ్యూరీ టామ్‌ని దోషి అన్న పుండు వాడికి ఇంకా పచ్చిగానే ఉంది. కానీ స్కౌట్‌ని చూడండి. డిల్‌తో ఆ మాట అన్న పిల్లే ఇప్పుడు ఎవరూ చెప్పకుండా ఈ తేడా పట్టుకుంది.

ఇంత ఇష్టమైన పుస్తకం మీద నాకో బాధ కూడా ఉంది. ఈ పిల్లలు ఎదగడానికి టామ్ ప్రాణం పోయింది. అటికస్ ఆ కబురు చెప్పడానికి టామ్ ఇంటికి వెళ్తే, గుమ్మంలోకి వచ్చిన ఓ చిన్నపిల్ల మెట్లు దిగడానికి తన వేలందిస్తాడు. టామ్ భార్య హెలెన్ మట్టిలో కుప్పకూలిపోతుంది. తర్వాత ఆమె పనికి వెళ్లాలన్నా, మేయెల్లావాళ్ల యూయెల్ కుటుంబానికి భయపడి మైలు దూరం చుట్టు తిరిగి వెళ్లాల్సొస్తుంది. స్కౌట్ ఏం నేర్చుకుందో మూడొందల పేజీల్లో చదువుతాం. ఆ గుమ్మంలో పిల్ల ఏం నేర్చుకుందో ఎక్కడా లేదు. మా అమ్మాయి ఆ అధ్యాయం దాకా వచ్చాక, ఆ పిల్ల చెప్పినట్టుగా ఒక పేజీ రాయమని అడుగుతాను.