ఇరవై అక్షరాల చైనా కవితకి ఏడు నెలలు: నా అనుభవం

వాంగ్ వెయ్ 8వ శతాబ్దం కవి, తాంగ్ రాజుల కాలం. చాంగాన్‌కి (ఇప్పటి షియాన్) ఆగ్నేయంగా కొండల్లో ఆయనకి ఒక ఎస్టేట్ ఉండేది, అక్కడి 20 చోట్ల మీద 20 చిన్న కవితలు రాశాడు, స్నేహితుడు పెయ్ ది కూడా జతగా 20 రాశాడు. అందులో "జింకల దడి" అనేది నేను తెలుగు చేశా. పాదానికి ఐదు చొప్పున మొత్తం 20 అక్షరాలు, ఏడు నెలలు పట్టింది.

ఇప్పటి చైనీస్ వచ్చినంత మాత్రాన ఆ పాత భాష రాదండి. ఒక్కో అక్షరం ఒక్కో మాట, కాలం ఉండదు, విభక్తి ఉండదు, కర్త కూడా చాలాసార్లు ఉండదు. మూడో పాదంలో ఒక అక్షరాన్ని ఇప్పుడు జింగ్ అని చదువుతారు, దృశ్యం అని అర్థం, నేను అలాగే తీసుకుని "తిరిగొచ్చిన దృశ్యం" అని రాసుకుని రెండు నెలలు దానిచుట్టూనే తిరిగా. ఆన్‌లైన్ క్లాసులో మా లావోషీ, అంటే టీచరుగారు, విని ఆపేశారు, ఇక్కడ యింగ్ అని చదవాలి, వెలుగు అని అర్థం, పొద్దు వాలేటప్పుడు వెనక్కి మళ్ళి పడే ఎండ అన్నారు. వెంటనే నీరెండ అన్న మాట నోట్లోకి వచ్చేసింది, అంత మంచి మాట మనకి రెడీగా ఉంది!

మొదటి మాట కూడా చాలా తిప్పలు పెట్టింది. కోంగ్ అంటే ఖాళీ, కానీ "ఖాళీ కొండ" అంటే చెట్లు కూడా లేవేమో అనిపిస్తుంది. బౌద్ధ గ్రంథాల్ని చైనీస్‌లోకి తెచ్చినప్పుడు మన "శూన్యం"కి వాడింది ఈ అక్షరమే, పైగా ఆయన పేరు వెయ్, ఇంకో పేరు మోజియే, రెండూ కలిపితే వెయ్‌మోజియే, అంటే విమలకీర్తి, శూన్యం గురించి చెప్పే ఒక బౌద్ధ గ్రంథంలోని గృహస్థు. అది తెలిశాక ఇంకో మాట పెట్టబుద్ధి కాలేదు.

ముందు ఆటవెలదిలో చూశా, గణాల కోసం "ఆహా", "మెల్లమెల్లగ" లాంటివి వచ్చి చేరాయి, ఇంత తక్కువలో చెప్పినాయనకి అది అన్యాయం అనిపించి వదిలేశా. ఎవరు చూస్తున్నారో, ఎవరు వింటున్నారో ఆయన చెప్పలేదు, ఇంగ్లీషులో అలా రాయడం కష్టం కానీ మనకి కనపడరు, వినపడుతోంది అంటే చాలు, "నేను" అక్కర్లేదు.

కొండంతా శూన్యం, మనుషులు కనపడరు
మాటల చప్పుడు మాత్రం వినపడుతోంది
నీరెండ దట్టమైన అడవిలోకి దూరి
మళ్ళీ పచ్చని నాచు మీద పడింది

"మళ్ళీ"ని ఒకసారి తీసేశా కూడా, కానీ పొద్దున కూడా అక్కడ ఎండ పడే ఉంటుందన్న ఊహంతా ఆ మాటలోనే ఉంది అనిపించి తిరిగి పెట్టా.

లావోషీకి తెలుగు రాదు, అయినా చదివి వినిపించమన్నారు. నాచు అన్నది ఏ మాట అని అడిగారు. చెప్తే రెండుసార్లు పలికి చూసుకున్నారు.