పర్లాకిమిడిలో కొత్త కంప్యూటర్: గోడ ప్లగ్గు దగ్గర మొదలుపెట్టాను

నవంబర్ 2

నాన్న స్టూడియో మూసేసి పదకొండేళ్లయింది. నెగెటివ్‌ల పెట్టెలు ఆరు మాత్రం అటక మీదే ఉండిపోయాయి. కిందటి వానాకాలంలో ఒక పెట్టె తెరిస్తే ఫిల్ముల మీద తెల్లగా బూజు. ఆ రోజు నుంచి వారానికి రెండు రోల్స్ చొప్పున స్కాన్ చేస్తున్నాను. స్కానర్ బాగానే ఉంది, మూతలో దీపం ఉన్న రకం. కంప్యూటరే ఇక లాగలేకపోతోంది. 2013లో కొన్నది, మూడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే కుదురుతుంది. కాబట్టి కొత్తది తప్పదు.

ఏది కొనాలో ఎవరినీ అడగకముందే నా పని ఎంత బరువో కాగితం మీద లెక్క వేశాను. నాన్న ఎక్కువగా వాడింది 120 ఫిల్ము, రోల్‌కి 12 ఫొటోలు. ఒక్కో ఫొటో చదరం, వైపుకి 56 మిల్లీమీటర్లు, అంటే 2.2 అంగుళాలు. 2400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) దగ్గర స్కాన్ చేస్తే ఒక్కో వైపు దాదాపు 5,300 చుక్కలు, మొత్తం 2.8 కోట్ల చుక్కలు. నలుపు తెలుపు 16 బిట్‌లో, అంటే చుక్కకు రెండు బైట్లతో, దాచితే ఫైలు 56 ఎంబీ. రంగులదైతే 168 ఎంబీ. తర్వాతి రోజుల్లో తీసిన 35 ఎంఎం రంగుల రోల్స్ 3200 డీపీఐ దగ్గర ఒక్కోటి 82 ఎంబీ వస్తున్నాయి.

నలుపు తెలుపువి సుమారు 3,000, రంగులవి 2,000 ఉన్నాయి. మొత్తం 330 జీబీ. మరకలు తీసి బాగుచేసిన కాపీలు కూడా కలిపితే 700 దాకా పోతుంది. మచ్చలు తుడిచేటప్పుడు ఫొటో పైన పొరల్లా లేయర్ మీద లేయర్ పెడతాను. 120 ఫిల్ము రంగుల ఫొటోలో పది లేయర్లంటే 1.7 జీబీ, దాని మీద ‘వెనక్కి’ నొక్కడానికి సాఫ్ట్‌వేర్ దాచుకునేది వేరే. 8 జీబీ మిషను ఎందుకు ఆయాసపడుతోందో ఈ లెక్కతో తెలిసిపోయింది. నాకు కావలసింది ర్యామ్, డిస్కు. ఆటల కోసం చెప్పే లిస్టులు నాకు పనికిరావు.

నవంబర్ 9

ఇవాళ ఒక్క వస్తువు కూడా కొనలేదు. ఇంటి కరెంటు చూశాను.

పాత కంప్యూటర్ క్యాబినెట్ వెనక స్క్రూ మీద చెయ్యి పడితే ఎప్పుడూ జివ్వుమంటుంది. చెప్పులేసుకుంటే తెలియదు, ఉత్త కాళ్లతో ఉంటే తెలుస్తుంది. ఇన్నేళ్లూ దాన్ని పట్టించుకోలేదు. పవర్ సప్లయ్ లోపల కరెంటు గోల తగ్గించే చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచీ, న్యూట్రల్ నుంచీ క్యాబినెట్‌కు కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ ఇనుము దాదాపు సగం వోల్టేజి దగ్గర నిలబడుతుంది. ఆ జివ్వు అదే. కొత్త మదర్‌బోర్డు, కొత్త ర్యామ్ తెచ్చి అలాంటి ఇనుములో బిగించడం నాకు మనస్కరించలేదు.

మా ఎలక్ట్రీషియన్ ఒడియా ఆయన. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మా పర్లాకిమిడిలో చాలామందిలాగే మేమూ సగం ఒడియా, సగం తెలుగులో మాట్లాడుకుంటాం. మల్టీమీటర్ పెట్టి చూశాడు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 140, అదీ కుదురుగా నిలబడలేదు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 60 పైనే. “అర్థింగ్ నాహిఁ” అన్నాడు. మూడు కన్నాల ప్లగ్గులు ఇల్లంతా ఉన్నాయి, మూడో కన్నం వెనక తీగే లేదు.

నూతి పక్కన తడి ఆరని చోట ఎనిమిది అడుగుల గొయ్యి తవ్వించాం. జీఐ పైపు దించి, చుట్టూ ఒక వరస బొగ్గులు, ఒక వరస ఉప్పు వేసి పూడ్చారు. నీళ్లు పోయడానికి పైన గరాటు పెట్టారు. అక్కడి నుంచి ప్లగ్గుల మూడో కన్నానికి తీగ లాగారు. తర్వాత ఫేజ్–ఎర్త్ 229, న్యూట్రల్–ఎర్త్ 1.8. ఇది లేకుండా ఎంత ఖరీదైన సర్జ్ ప్రొటెక్టర్ తగిలించినా సగం పని చెయ్యదు. అది తన మీదికొచ్చిన పోటును వదిలేసే దారి ఎర్తే కదా. కంప్యూటర్ కొనాలనుకునే మా చుట్టుపక్కల వాళ్లకు నేను మొదట చెప్పేది ఈ పని.

నవంబర్ 16

పవర్ సప్లయ్ ముందే ఖాయం చేశాను. పాత మిషన్‌లో మొదటి సప్లయ్ పోయింది కాబట్టి. మూడేళ్ల కిందట, వైశాఖంలో గాలివాన వచ్చిన సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోయి వచ్చింది. మూడోసారికి టప్‌మని వాసన. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన సప్లయ్ అది.

ఈసారి లేబుల్ మీద రెండు చూశాను. ఇన్‌పుట్ దగ్గర 100–240 వోల్ట్ అని ఉండాలి. చవక రకాల మీద 200–240 అనో, ఉత్త 230 అనో ఉంటుంది. మా వీధిలో వేసవి సాయంత్రం ఏసీలన్నీ వేసినప్పుడు నేను కొలిచింది 182. అలాంటప్పుడు ఆ రకం చేతులెత్తేయవచ్చు. రెండోది, ఎక్కువ వోల్టేజికీ, షార్ట్‌కీ, ఓవర్‌లోడ్‌కీ రక్షణ ఉందని రాసి ఉండాలి. 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు మంచిదే కానీ అది ఎంత కరెంటు వృథా కాకుండా మారుస్తుందో చెబుతుంది, అంతవరకే. రక్షణ గురించి చెప్పదు. 550 వాట్, ఐదేళ్ల వారంటీది రాసుకున్నాను. నా మిషన్‌కి 450 చాలు, కానీ ఆ మోడల్‌లో చిన్నది దొరకలేదు.

నవంబర్ 23

ప్రాసెసర్ మీద మేనల్లుడితో గంటసేపు ఫోన్‌లో చర్చ. వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఈ విషయాల్లో బాగా తెలిసినవాడు.

“మామయ్యా, 12400ఎఫ్ తీసుకో. చివర ఎఫ్ ఉంటే రేటు తగ్గుతుంది. మిగిలిన డబ్బుకి కాస్త వేసి గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవచ్చు” అన్నాడు.

ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్, అంటే తెరకు బొమ్మ పంపే భాగం, లేని ప్రాసెసర్. కార్డు పాడైతే తెర మీద ఏమీ రాదు, కార్డు బాగయ్యేదాకా పని ఆగిపోతుంది. ఇక్కడి నుంచి సర్వీసుకు పంపితే వచ్చేదాకా వారాలు. ఫొటోల మీద మచ్చలు తుడవడానికి పెద్ద కార్డు అక్కర్లేదు. ఎఫ్ లేని ఐ5-12400 అనుకున్నాను. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్‌ల రకం. 2022 జనవరిలో వచ్చిందే, కానీ నా పనికి ఇప్పటికీ బాగా సరిపోతుంది.

వాడు ఇంటెల్‌కి పోటీ అయిన ఏఎండీ వాళ్ల ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) కూడా చూడమన్నాడు. రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు, ఆ మాట నిజమే. కాకపోతే ఏఎం5కి కొత్త తరం డీడీఆర్5 ర్యామే వెయ్యాలి. ఇంటెల్ 12వ తరం బోర్డుల్లో దాని ముందు తరం డీడీఆర్4 పట్టేవి, డీడీఆర్5 పట్టేవి విడివిడిగా దొరుకుతాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు. కొనేటప్పుడు బోర్డు పేరులో డీ4 అనో డీడీఆర్4 అనో ఉందో లేదో చూసుకోవాలి.

డిసెంబర్ 6

ర్యామ్ రేట్లు చూస్తే గుండె జారిపోయింది. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోతుండటంతో మామూలు ర్యామ్‌కు కరువొచ్చింది. డీడీఆర్4 తయారీని కంపెనీలు 2025లోనే తగ్గించేస్తూ వచ్చాయి, కాబట్టి పాతదైనా చవక కాదు. 2025 డిసెంబర్ 3న మెమరీ చిప్పులు చేసే మైక్రాన్ సంస్థ ‘క్రూషియల్’ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆగితే తగ్గుతుందన్న ఆశ నాకు పోయింది.

16 జీబీతో సర్దుకుందామా అని రెండు రోజులు ఆలోచించాను. మొదటి రోజు వేసిన లెక్క మళ్లీ చూసుకున్నాక 32 నుంచి దిగలేదు. ఒకే 32 కాకుండా రెండు 16లు. రెండు చానళ్లూ (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు) పనిచేస్తేనే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి ఊపిరి అందుతుంది, అది వాడుకునేది ఈ ర్యామ్‌నే. ఆ డబ్బు కోసం అద్దాల క్యాబినెట్, రంగుల ఫ్యాన్లు లిస్టులోంచి తీసేశాను. ర్యామ్‌కి పెట్టాల్సింది ప్రాసెసర్ కంటే ఎక్కువైంది. ఎప్పుడూ ఇలా అవుతుందనుకోలేదు.

డిసెంబర్ 13

తెల్లవారుజామున పలాస వెళ్లి, అక్కడ వైజాగ్ రైలెక్కాను. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, పవర్ సప్లయ్ అన్నీ ద్వారకానగర్‌లో ఒకే కొట్లో, ఒకే జీఎస్టీ బిల్లు మీద కొన్నాను. విడివిడిగా కొంటే తెర వెలగనప్పుడు ఒకరు ఇంకొకరి మీదికి తోస్తారు. నాలాంటి దూరం ఊరివాడు రెండోసారి రైలెక్కాలంటే ఒక రోజు పోయినట్టే.

మొదట వెళ్లిన ఒక కొట్లో ప్రాసెసర్ పెట్టె లేకుండా ప్లాస్టిక్ ట్రేలో చూపించి, కాస్త తగ్గిస్తానన్నారు. వద్దన్నాను. పెట్టెలో వచ్చినదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ, కూలర్ వస్తాయి. బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబర్ రాయించి, పెట్టె మీది నంబర్‌తో పోల్చుకున్నాను.

బోర్డు బీ760 రకం, డీడీఆర్4ది, ర్యామ్ స్లాట్లు నాలుగు, ఎస్‌ఎస్‌డీ దూర్చే ఎం.2 స్లాట్లు రెండు. హెచ్610 రకం బోర్డు చవక, కానీ ర్యామ్‌కి రెండు స్లాట్లే. ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) 1 టీబీ, ఎన్‌వీఎంఈ రకం.

దాచుకునే 4 టీబీ హార్డ్‌డిస్కు మాత్రం ఏరి మరీ తీసుకున్నాను. ఎస్ఎంఆర్ అనే రకంలో డేటా వరసలు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవన్నీ కదపాలి, అలాగే రాసింది మార్చి రాసేటప్పుడు డిస్కు బాగా నెమ్మదిస్తుంది. బాగుచేసిన ఫొటోలను నేను పదేపదే మార్చి రాస్తాను కాబట్టి, వరసలు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకం అడిగాను. పెట్టె మీద ఇది ఎక్కువగా రాయరు. మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీ పట్టికలో చూశాను.

మొదట 55 వేలనుకున్నాను. హార్డ్‌డిస్కు కాకుండా 63 వేలయింది.

డిసెంబర్ 21

బిగింపు. పొద్దున పదికి కూర్చుంటే మూడున్నర అయింది.

బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, ర్యామ్, కూలర్ బిగించాను. సాకెట్‌లో 1,700 సన్నని పిన్నులు, వెలుతురుకి పట్టు చీర జరీలా మెరుస్తున్నాయి. వాటి మీద వేలు పడకూడదు. బంగారు రంగు త్రికోణం మూలకు మూల కలిపి ప్రాసెసర్‌ను వదలడమే, నొక్కకూడదు. మీట దించేటప్పుడు కరకరమని గట్టిగా తగిలింది. విరిగిపోతుందేమోనని టెన్షన్. ఆ మీట అంత బలంగానే ఉంటుంది.

కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ కాళ్లు. ఎదురెదురు మూలలవి జంటగా నొక్కాలి. టక్‌మన్నాక బోర్డు తిప్పి చూశాను. మూడింటి నల్ల మేకులు పూర్తిగా బయటికొచ్చాయి, నాలుగోది సగమే. పైనుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉన్నాయి. అలాగే వదిలేస్తే ఒక మూల కూలర్ ప్రాసెసర్‌కి ఆనేది కాదు.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. బోర్డు అంచున ‘డ్రామ్’ (ర్యామ్ అనే అర్థం) అనే అక్షరాల పక్కన చిన్న దీపం వెలుగుతోంది. ప్లగ్ పీకి, టార్చ్ వేసి చూస్తే ఒక ర్యామ్ ముక్కకు ఒక చివర బంగారు గీత సన్నగా కనిపిస్తోంది. ఈ బోర్డులో ర్యామ్ స్లాట్‌కి గొళ్లెం ఒక వైపే ఉంది. ఆ వైపు టక్‌మంది కానీ రెండో వైపు అర మిల్లీమీటర్ పైనే నిలబడిపోయింది. రెండు బొటనవేళ్లతో రెండు చివరలూ సమంగా నొక్కాను. తెర వెలిగింది. పక్క గదిలోంచి అమ్మ “వచ్చిందా?” అని కేకేసింది.

ర్యామ్ 2666 దగ్గర నడుస్తోంది. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగులు) ర్యామ్‌ను దాని పూర్తి వేగానికి తెచ్చే ఎక్స్ఎంపీ ఆన్ చేస్తే 3200కి వచ్చింది. రాత్రంతా మెమరీ టెస్ట్ పెట్టి పడుకున్నాను. తెల్లారికి తప్పులు సున్నా.

జనవరి 4

ప్లగ్గులో పెట్టే వాట్‌మీటర్‌తో కొలిచాను. ఖాళీగా 32 వాట్‌లు, స్కాన్ చేసేటప్పుడు 48, ప్రాసెసర్‌ని పూర్తిగా తోమితే 116. అప్పుడు వేడి 68 డిగ్రీలు. గదిలో 24 ఉన్నప్పటి మాట ఇది, మే నెలలో మళ్లీ చూడాలి.

యూపీఎస్ పాతదే, 600 వీఏ. ఖాళీగా ఉన్నప్పుడు ప్లగ్ పీకితే నిలబడింది. ఫొటో మీద ఫిల్టర్ నడుస్తుండగా పీకితే ఆగిపోయింది. కొత్త రకం పవర్ సప్లయ్‌లకీ, మెట్లమెట్లుగా కరెంటిచ్చే మామూలు యూపీఎస్‌లకీ ఒక్కోసారి పడదని తెలుసు కాబట్టి అదే అనుకున్నాను. కానీ బ్యాటరీని కొలిస్తే ఊరికే ఉన్నప్పుడు 12.9, బరువు పడగానే 10 కిందికి. బ్యాటరీ ముసలిదైపోయింది. 12 వోల్ట్ 7 ఏహెచ్ కొత్తది వేశాక నిలబడింది. యూపీఎస్ మార్చేముందు ఇది చూడటం మంచిది.

జనవరి 18

మూడో పెట్టె పూర్తయింది. పాత మిషన్ మీద ఒక్క రంగుల ఫొటో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు, ఇప్పుడు తెరవగానే బ్రష్ పట్టుకుంటున్నాను. తర్వాత కొనేది మానిటర్. పాతదాన్ని కాస్త వంచితే బూడిద రంగు మారిపోతోంది. 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) చూస్తున్నాను, రేటు కుదిరితే ఉగాదికి.

ఇవాళ చేసిన రోల్ చిన్నబండిది, అంటే నారోగేజ్ రైలుది. 2004లో ఆ చిన్నబండి ఆగిపోయిన నౌపడా లైను మీద నాన్న ఎప్పుడో పెళ్లివారితో వెళ్తూ తీశారు. స్టేషన్ గట్టు మీద బ్యాండు వాళ్లు, పందిరి నీడలో పెళ్లికూతురు, వెనక ఇంజను పొగ. నూటికి నూరు సైజులో చూపించాను. నాన్న కళ్లద్దాలు తుడుచుకుని తెరకి దగ్గరగా వంగారు. బ్యాండులో సన్నాయి పట్టుకున్నాయన వేలికి కట్టుకట్టి ఉంది. “ఆ రోజు వాయించలేదు, ఊరికే పట్టుకుని నిలబడ్డాడు” అన్నారు. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, “పక్కది పెట్టు” అన్నారు.