క్రిస్మస్ సెలవుల్లో కుటుంబ మ్యూజికల్: మొదటి వారాంతం చెప్పని లెక్క

ఒహాయో రాష్ట్రంలో ఒక శివారు మల్టీప్లెక్సులో నేను అసిస్టెంట్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. అమెరికాలో సినిమా వారం శుక్రవారం మొదలై గురువారం ముగుస్తుంది కాబట్టి, రాబోయే వారానికి ఏ చిత్రానికి ఏ తెర, రోజుకు ఎన్ని ఆటలు అన్నది సోమవారం తేలిపోవాలి. తుది నిర్ణయం కంపెనీ బుకింగ్ విభాగానిదే అయినా, హాల్లో ఏం జరుగుతోందో కళ్లారా చూసేవాళ్లం గనుక మా మాటకూ కొంత విలువ ఉంటుంది. డిసెంబరు చివర్లో వచ్చే ఆ సోమవారం నాడు నేను ఏటా పట్టుబట్టి అడిగేది ఒక్కటే: సెలవుల కోసం విడుదలైన కుటుంబ మ్యూజికల్‌ను, అంటే పాటలతోనే కథ నడిచే చిత్రాన్ని, తొలి మూడు రోజుల వసూళ్లు చూసి చిన్న తెరకు నెట్టవద్దు.

ఇక్కడి తెలుగు మిత్రులకు ఈ పట్టుదల వింతగా కనిపిస్తుంది. అమెరికాలో మన సినిమాల వ్యాపారమంతా ప్రీమియర్ షోల చుట్టూ, తొలి వారాంతం చుట్టూ తిరుగుతుంది. విడుదలకు ముందు రోజు సాయంత్రం పడే ఆటలకే అభిమానులు పోటెత్తుతారు, రాత్రికల్లా టాక్ బయటికి వచ్చేస్తుంది, ఆదివారం ముగిసేసరికి సినిమా జాతకం దాదాపు తేలిపోతుంది. అందుకే వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఓపెనింగ్స్ గురించే. పిల్లలతో, పెద్దలతో కలిసి చూడాల్సిన పాటల చిత్రానికి ఆ కొలత సరిపోదని చెప్పడానికి నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఉదాహరణ ‘ది గ్రేటెస్ట్ షోమ్యాన్’.

ఆ చిత్రం 2017 డిసెంబరు 20న, బుధవారం విడుదలైంది. అంతకు ఐదు రోజుల ముందే కొత్త ‘స్టార్ వార్స్’ చిత్రం వచ్చి పెద్ద తెరలన్నీ ఆక్రమించి ఉంది, అదే బుధవారం ‘జుమాంజీ’ కూడా దిగింది. తొలి శుక్ర, శని, ఆదివారాల్లో దానికి అమెరికా, కెనడాల్లో వచ్చింది దాదాపు 8.8 మిలియన్ డాలర్లు మాత్రమే. సుమారు 84 మిలియన్లు పెట్టి తీసిన చిత్రానికి అది చాలా తక్కువ, ఆ అంకె చూసిన ఎవరైనా పని అయిపోయిందనే అనుకుంటారు. అయితే రెండో వారాంతంలో వసూళ్లు తగ్గకపోగా దాదాపు 15.5 మిలియన్లకు పెరిగాయి. చివరికి ఉత్తర అమెరికాలోనే సుమారు 174 మిలియన్ల దగ్గర ఆగింది, అంటే తొలి వారాంతానికి ఇరవై రెట్లకు కాస్త తక్కువ. మామూలు రోజుల్లో మూడు రెట్లు వస్తేనే మంచి లాంగ్ రన్ అంటాం.

ఇందులో పాటలకు, ప్రేక్షకుల నోటిమాటకు ఎంత భాగముందో క్యాలెండరుకూ అంత భాగం ఉందని నా నమ్మకం. ఆ ఏడాది క్రిస్మస్ సోమవారం వచ్చింది, కాబట్టి ముందురోజైన డిసెంబరు 24 సరిగ్గా ఆదివారం మీద పడింది. ఆ రోజు మధ్యాహ్నం దాటితే జనం ఇళ్లలో ఉంటారు లేదా చర్చికి వెళతారు, మేమూ రాత్రి ఆటలు తీసేసి తొందరగా తలుపులు మూస్తాం. అలా వారాంతంలో ఒక రోజు దాదాపు తుడిచిపెట్టుకుపోతే, తొలి వారాంతం అంకె చిన్నదిగా కనిపించక తప్పదు. ఆ లోటును పూడ్చేది 25 మధ్యాహ్నం నుంచి కొత్త సంవత్సరం దాకా నడిచే వారం. బడులకు సెలవులు, చాలా ఆఫీసుల్లోనూ సగం మంది ఉండరు, అందువల్ల మంగళ, బుధ, గురువారాలు కూడా మాకు శనివారాల్లాగే నడుస్తాయి. క్రిస్మస్ వారంలో ఏ రోజున వచ్చిందో చూడకుండా రెండు డిసెంబరు చిత్రాల తొలి వారాంతాలను పోల్చడం నా దృష్టిలో అర్థం లేని పని.

క్రిస్మస్ రోజున డ్యూటీ ఎవరు చేస్తారని అడిగినప్పుడు నేను ముందుకొస్తాను. నా సహోద్యోగుల్లో ఎక్కువమందికి అది ఇంటిల్లిపాదీ కలిసే ఏకైక రోజు. సంక్రాంతి నాడు నాకు సెలవు కావాలంటే వాళ్లు మారుమాట లేకుండా షిఫ్టు మార్చుకుంటారు. ఇలా వచ్చిన అవకాశం వల్లనే ఆ రోజు జనాన్ని దగ్గరగా చూడగలిగాను. పొద్దున హాలు నిశ్శబ్దంగా ఉంటుంది. భోజనాల వేళ దాటాక మాత్రం ఒక్కసారిగా వస్తారు, అదీ గుంపులుగా. ఒక కుటుంబంలో ఎనిమిది మంది ఉంటారు: ఊతకర్ర పట్టుకున్న తాతగారు, పొద్దున బహుమతిగా అందిన కొత్త స్వెటర్లు లేబుల్ కూడా తీయకుండా వేసుకున్న పిల్లలు, చంకలో పాపతో ఒక తల్లి, ఏ సినిమా అయినా సరే అన్నట్టు నిలబడిన ఒక బాబాయి. కౌంటరు ముందే చర్చ మొదలవుతుంది. యుద్ధాల సినిమా పాపకు భయం, గంభీరమైన అవార్డు సినిమా పిల్లలకు పట్టదు, తాతగారు కార్టూన్ చూడనంటారు. చివరికి అందరూ ఒప్పుకొనే చిత్రం ఏదని వెతికితే పాటలున్న కుటుంబ కథే మిగులుతుంది. ఈ మధ్య వరుసలో నిలబడ్డ ఒక తెలుగు తల్లి నా పేరు పట్టీ చదివి, “ఏమండీ, మా అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు, కూర్చోగలరంటారా?” అని అడిగారు. “పాటలు ఎక్కువేనండీ, కథ కళ్లతోనే తెలిసిపోతుంది” అన్నాను. ఆట వదిలాక ఆ పెద్దావిడ పిల్లల చేతులు పట్టుకొని నవ్వుతూ బయటికి వచ్చారు. ఎవరికీ మొదటి ఎంపిక కాకపోయినా ఎవరూ కాదనని చిత్రానికి ఉండే ఈ బలం ముందస్తు టికెట్ల లెక్కలో కనబడదు, ఎందుకంటే వీళ్లలో చాలామంది టికెట్ కొనేది ఆ పూట ఇంట్లో బయలుదేరేటప్పుడే.

‘వాంకా’ అనే మ్యూజికల్‌ను క్రిస్మస్‌కు పది రోజుల ముందే, 2023 డిసెంబరు 15న విడుదల చేయడం తెలివైన నిర్ణయమని నేను ఇప్పటికీ అంటాను. తొలి వారాంతంలో 39 మిలియన్లు వచ్చాయి, అది మరీ గొప్ప ఆరంభం కాదు. కానీ సెలవులు మొదలయ్యేసరికే చూసినవాళ్ల మాట ఊళ్లోకి పాకింది, ఉత్తర అమెరికాలో మొత్తం 218 మిలియన్లు దాటింది. దాని ట్రైలర్లలో పాటలను దాదాపు దాచిపెట్టారు. మ్యూజికల్ అనగానే మొహం తిప్పుకునే ప్రేక్షకులున్నారన్న భయం స్టూడియోలకు ఉండవచ్చు గాని, సెలవుల్లో జనాన్ని రెండోసారి రప్పించేది పాటలే కాబట్టి ఆ దాపరికం నాకు నచ్చలేదు. 2024లో ‘వికెడ్’ అందుకు భిన్నంగా పాటలనే ముందు పెట్టుకొని వచ్చింది, క్రిస్మస్ నాటి నుంచి ప్రేక్షకులు గొంతు కలిపి పాడుకునే ఆటలు కూడా వేశారు.

సెలవులు ప్రతి చిత్రాన్నీ మోస్తాయని దీని అర్థం కాదు. 2019లో అదే డిసెంబరు 20న వచ్చిన ‘క్యాట్స్’ 6.6 మిలియన్లతో మొదలై 27 మిలియన్ల దగ్గరే ఆగిపోయింది. గ్రాఫిక్స్ సరిచేసిన కొత్త ప్రతిని విడుదలయ్యాక థియేటర్లకు పంపినా ఫలితం మారలేదు. తొలి అంకె చూస్తే ‘షోమ్యాన్’కూ దీనికీ పెద్ద తేడా కనబడదు. తేడా అంతా బయటికి వచ్చేవాళ్ల మొహాల్లో, ఆ తర్వాతి పనిదినాల్లో ఉంది. అందుకే నేను వారాంతాన్ని పక్కనపెట్టి పగటి ఆటలను చూడమంటాను.

నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ సంగతి వేరు. బుధవారం నుంచి ఆదివారం దాకా అయిదు రోజులే సందడి, సోమవారం బడులు తెరుచుకుంటాయి, డిసెంబరు తొలి రెండు వారాలు హాళ్లు వెలవెలబోతాయి. 2023లో ‘విష్’ ఆ అయిదు రోజుల్లో తెచ్చుకున్నది 31.6 మిలియన్లే, తర్వాత కోలుకోలేదు. ‘ఫ్రోజెన్’ మాత్రం 2013 థ్యాంక్స్‌గివింగ్‌కు విస్తృతంగా విడుదలై, ఆ ఖాళీ వారాలను తట్టుకొని, 2014 జనవరి తొలి వారాంతంలో మళ్లీ మొదటి స్థానానికి చేరింది. అలాంటి చిత్రానికి తెర అట్టిపెట్టిన థియేటరు రెండు పండుగల ఫలం అందుకుంటుంది.

మా వైపు నుంచి ఇంకో లెక్క ఉంది. పిల్లల టికెట్, పగటి ఆట టికెట్ చవక, కాబట్టి ఒకే వసూలుకు కుటుంబ చిత్రం ఎక్కువ మందిని లోపలికి తెస్తుంది. పెద్ద చిత్రాల టికెట్ డబ్బులో తరచుగా సగానికి పైగా స్టూడియోకే పోతుంది, పాప్‌కార్న్, కూల్‌డ్రింకుల డబ్బు మాత్రం మాకే మిగులుతుంది. ఆరుగురు వచ్చిన కుటుంబం కొనే పెద్ద బకెట్లే జనవరిలో మా కుర్రాళ్లకు పని గంటలు తగ్గకుండా కాపాడతాయి. వాళ్లలో చదువుకుంటూ, అద్దె కట్టుకుంటూ నెట్టుకొస్తున్నవాళ్లున్నారు. ఈ విషయంలో నేను గట్టిగా మాట్లాడటానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి ఈసారి సెలవుల మ్యూజికల్ భవిష్యత్తు ఎలా ఉంటుందని అడిగేవారికి నేను చెప్పేది ఇది. తొలి ఆదివారం అంకెతో నిర్ణయానికి రావద్దు. మంగళవారం అంకెనూ కాస్త జాగ్రత్తగా చూడండి, చాలా థియేటర్లలో ఆ రోజు టికెట్ ధర తగ్గిస్తారు. క్రిస్మస్ తర్వాతి బుధ, గురువారాల్లో పొద్దుటి ఆటలకు ఎంతమంది వచ్చారో చూసి, రెండో వారాంతం నిలబడితే తెర కదపకండి. బడులు తెరిచాక పగటి ఆటలు తగ్గించుకోవచ్చు గాని, జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ దినోత్సవం సెలవు కాబట్టి, ఆ పొడుగు వారాంతం దాకా శని, ఆదివారాల మధ్యాహ్నం ఆటను మాత్రం ఉంచాలి. చిత్రం ఆడిందో లేదో అప్పుడు లెక్క కడదాం.