మాలకొండ బండల సందులో

మాలకొండ నరసింహస్వామి మనుషులకు దొరికేది శనివారం ఒక్కరోజే. మిగతా ఆరు రోజులూ దేవతలకు, ఋషులకు. అందుకే జనమంతా ఆ ఒక్కరోజే వచ్చి పడతారు. మొన్న కందుకూరు మీదుగా పోయాం. క్యూలో ఒకరి చెమట ఇంకొకరి భుజానికి, ఒకరి టెంకాయల సంచి ఇంకొకరి నడుముకి. స్వామి కళ్లు చూశామో లేదో, "జరగండి జరగండి".

అసలు పరీక్ష పైన, మహాలక్ష్మమ్మ దగ్గరకు పోయే బండల సందులో. ఎంత లావు మనిషికైనా అమ్మ దారిస్తుందంటారు. రాయి ఛాతీకి ఆనగానే భయంతో గాలి పీల్చి బిగబడతాం. పక్కటెముకలు విచ్చుకుంటాయి, రాయి ఇంకా నొక్కుతుంది, దడ పెరుగుతుంది. వెనకున్న పెద్దావిడెవరో వీపు తట్టి, "గాలి వదులు నాయనా, బిగబట్టబాక" అంది. కిటుకంతా అదే. సంచి చేతిలోకి తీసుకోవాలి, పక్కకు తిరగాలి, మెల్లగా గాలి వదులుతూ ఒక అడుగు. ఆగి కొంచెం పీల్చుకుని, వదులుతూ మరో అడుగు. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు పోయే వేగస్ నరం గుండెను కాస్త నెమ్మది చేస్తుంది. "గోవిందా" అని సాగదీసినా జరిగేది ఇదే.

అమ్మ ముందు గుండె చెవుల్లో మోగుతుంది. అది భక్తి వల్లనా, ఎక్కిన అలుపు వల్లనా? లోపలి చప్పుడు నిజంగా ఎంత తెలుస్తుందో పది నిమిషాలు కూర్చున్నాక చూసుకోవాలి. మనం నాడి ముట్టకుండా 30 సెకన్లు లోపలి చప్పుళ్లు లెక్కపెడుతుంటే, పక్కవాళ్లు మన నాడి పట్టి లెక్కించాలి. నడుముకి బెల్టు బిగుతుగా ఉంటే దాని కింద అదురు తెలిసిపోతుంది, లెక్క చెడుతుంది. తన నాడి నిమిషానికి 72 అని తెలిసినవాడు 36 అని ఊహించి చెప్పేస్తాడు. వినబడనిది కలపకూడదు.

ఒక్కపొద్దు వాళ్లకు ఇంకో మాట. చేతులు వణికి, చల్లటి చెమట పట్టి, కళ్లు తిరిగితే పారవశ్యం అనుకోబాకండి. కూర్చుని నీళ్లు, బెల్లం తీసుకోండి. షుగరు మందు వాడేవాళ్లు అసలే ఆగకూడదు.

ధ్యానం చేసేవాళ్లకు లోపలి చప్పుడు బాగా తెలుస్తుందనుకుంటాం. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో ధ్యానంలో ఆరితేరినవాళ్లు గుండె చప్పుడు గుర్తుపట్టడంలో మామూలువాళ్లను మించలేదు. బాగా చేశామని మాత్రం అనుకున్నారు.

కిందికి దిగి చెట్టు నీడన మేమూ చూసుకున్నాం. నా లెక్క 29. నాడి 38.